కొడుకు అడిగింది ల్యాప్‌టాప్... లెక్క చూడాల్సింది అమ్మే!

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయింది. సీటొచ్చింది. హాస్టల్లో చేర్చాలా, బస్సులో తిప్పాలా అని ఇంట్లో తర్జనభర్జనలు నడుస్తున్నాయి. రాత్రి భోజనాల దగ్గర, నాన్నగారు చెయ్యి కడుక్కోవడానికి లేచాక, మీ అబ్బాయి కంచంలో వేలితో గీతలు గీస్తూ మెల్లగా అంటాడు. "అమ్మా, నాన్నకి నువ్వు చెప్పవా? అందరూ గేమింగ్ ల్యాప్‌టాపే కొనుక్కుంటున్నారు. చదువుక్కూడా పనికొస్తుందమ్మా!"

చదువు మాట చివర్న వచ్చింది చూశారా? పిల్లలన్నాక అంతే!

మీ మనసులో లెక్కలు మొదలవుతాయి. దాళ్వా ధాన్యం డబ్బు ఎరువుల కొట్టుకీ, కాలేజీ ఫీజుకీ చెల్లు. కొబ్బరి దింపు డబ్బు ఇంటి ఖర్చుకి సరి. ఇక మిగిలింది మీరు నెలనెలా కట్టుకొస్తున్న చీటీ. అది పాడుకుంటే ఓ అరవై, డెబ్భై వేలు చేతికొస్తాయి.

అంటే డబ్బు మీదన్నమాట. కానీ దుకాణంలో అడుగు పెట్టాక మాట్లాడేది మీ అబ్బాయీ, కొట్టు కుర్రాడూను. వాళ్ల భాష వాళ్లది. మీరు కుర్చీలో కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ఫ్యాను గాలికి చూస్తూ ఉంటారు. మధ్యలో ఏదైనా అడిగితే "నీకు తెలీదులే అమ్మా" అంటాడు వాడు. ఈ నాలుగు మాటలూ ఆ కుర్చీలో కూర్చున్న మీకోసమే.

ఎర్రలైట్లు చూసి మోసపోయిన కథ

పాలకొల్లు వైపు మాకు తెలిసిన ఒకావిడ ఇలాగే చీటీ పాడుకుని, 58 వేలు పెట్టి కొడుక్కి ల్యాప్‌టాప్ కొనిచ్చింది. "గేమింగేనా బాబూ?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది కూడా. "ఆయ్, గేమింగేనండి. మీట నొక్కితే ఎలా వెలుగుతుందో చూడండి!" అన్నాడు కొట్టు కుర్రాడు. అక్షరాల కింద ఎర్రలైట్లు వెలిగాయి. తల్లీ కొడుకులిద్దరూ మురిసిపోయారు.

రెండో రోజుకే పిల్లాడికి సంగతి తెలిసిపోయింది. అందులో ఆటలకి కావలసిన విడి గ్రాఫిక్స్ చిప్పే లేదు! లైట్లు మాత్రం ఉన్నాయి. కానీ వాడు తల్లికి చెప్పలేదు. ఆవిడ చీటీ డబ్బు కదా, తెలిస్తే బాధపడుతుందని ఆరు నెలలు నోరు మెదపలేదు. కాలేజీ వాళ్లిచ్చిన డిజైన్ పని ఆ యంత్రం మీద సాగక, సాయంత్రాలు స్నేహితుడి గదికి పోయి చేసుకునేవాడు. "స్నేహాలు ఎక్కువయ్యాయి, ఇల్లు పట్టడం లేదు" అని తల్లి రోజూ తిట్టేది. పడేవాడు తప్ప నిజం చెప్పలేదు.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ ఆరు నెలల అపార్థం ఎవరు తీరుస్తారు చెప్పండి? ఆ కుర్చీలో కూర్చుని ఆవిడ ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగి ఉంటే సరిపోయేది. "విడి గ్రాఫిక్స్ చిప్పు ఉందా? దాని పేరు, నంబరు చెప్పు, బిల్లు మీద రాయి" అని!

మిక్సీ వేరు, గ్రైండరు వేరు

"గేమింగ్" అన్న మాట పెట్టె మీద అచ్చు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకని లోపల ఏముందో మనమే తెలుసుకోవాలి. కంగారు పడకండి, మన వంటింట్లో లేనిదేమీ అందులో లేదు.

ప్రాసెసర్ అంటే వంట చేసే మనిషి. పనంతా ఆ చేతి మీదుగానే జరుగుతుంది. ర్యామ్ అంటే వంట గట్టు. గట్టు ఎంత వెడల్పుంటే అన్ని గిన్నెలు ఒకేసారి పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఎస్ఎస్‌డీ అంటే అటక. సామానంతా అక్కడ దాచుకుంటాం, కావలసినప్పుడు దించుకుంటాం. ఇక గ్రాఫిక్స్ చిప్పు. తెర మీద బొమ్మని గీసేది ఇదే. ఆట అంటేనే సెకనుకి అరవై సార్లో, అంతకన్నా ఎక్కువో బొమ్మ మార్చి గీయడం. అందుకే ఆటకి ప్రాణం ఇది.

ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే చిన్న గ్రాఫిక్స్ మామూలు ల్యాప్‌టాప్‌లన్నింటిలోనూ ఉంటుంది. అది ఇంటి మిక్సీ లాంటిది. నలుగురికి కొబ్బరి పచ్చడి చక్కగా చేస్తుంది. సినిమాలు చూడ్డానికి, పాఠాలు వినడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి అది చాలు. పెళ్లింట్లో గారెల పిండి రుబ్బాలంటే మాత్రం మిక్సీ వేడెక్కి ఆగిపోతుంది. గ్రైండరు ఉండాల్సిందే. ఆ గ్రైండరే విడి గ్రాఫిక్స్ చిప్పు. ఎన్విడియా కంపెనీ చిప్పులైతే ఆర్‌టీఎక్స్ అన్న పేరు, పక్కన 2050, 3050, 4050, 4060, 5050 ఇలా నంబర్లు ఉంటాయి.

ఆ నంబరు చదవడం కూడా తేలికే. మొదటి రెండంకెలు తరం. చివరి రెండంకెలు ఆ తరంలో దాని స్థాయి. 40 తరం 2023లోనూ, 50 తరం 2025లోనూ ల్యాప్‌టాప్‌లలోకి వచ్చాయి. 4050 కన్నా 4060 బలమైనది. కొత్త తరం రాగానే పాత తరం వాటి ధర కొంచెం దిగుతుంది. మనలాంటి కుటుంబాలకి అదే మంచి అదను.

ముందు కాగితం, కలం

దుకాణానికి వెళ్లకముందే అబ్బాయిని (అమ్మాయిలూ అడుగుతున్నారు సుమా, వాళ్లకీ ఇదే మాట) పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం ఇవ్వండి. మూడు సంగతులు రాయమనండి.

ఒకటి: ఏయే ఆటలు ఆడతావు? ఐదు పేర్లు రాయి. ప్రతి ఆట తయారుచేసిన వాళ్లూ అది నడవడానికి కనీసం ఏం కావాలో, సాఫీగా నడవాలంటే ఏం కావాలో రెండు పట్టీలు ఇస్తారు. అవి చూసి ఎదురుగా రాయమనండి. చాలామంది పిల్లలు ఆడే వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఉచితంగా దొరికేవే, పెద్ద చిప్పు అడిగేవి కావు. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటలైతే వేరే లెక్క. వాడి పట్టీలో అన్నీ చిన్న ఆటలే ఉంటే, పెద్ద చిప్పు మీద పాతిక వేలు ఎక్కువ పోయడం దండగే కదా!

రెండు: చదువులో దేనికి కావాలి? మెకానికల్, సివిల్ వాళ్లకి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు, యానిమేషన్ నేర్చుకునే వాళ్లకి బొమ్మల పని, కంప్యూటర్ సైన్సు వాళ్లకి మెషీన్ లెర్నింగ్. వీటికి విడి గ్రాఫిక్స్ చిప్పు నిజంగానే ఉపకరిస్తుంది. ఆ మాటలో వాడు అబద్ధమాడలేదు. ఉత్త కోడింగ్ నేర్చుకోవడానికైతే మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఏ బ్రాంచికి ఏం కావాలో కాలేజీలో సీనియర్లని అడిగితే చెబుతారు.

మూడు: హాస్టలా, ఇల్లా? తాడేపల్లిగూడెం నిట్‌లోనో, కాకినాడ జేఎన్‌టీయూలోనో హాస్టల్లో ఉంటే ల్యాప్‌టాప్ తప్పదు. భీమవరంలో చదువుతూ ఇంటి నుంచే బస్సులో తిరిగేవాడైతే ఒక్కసారి ఆలోచించండి. అదే డబ్బుకి బల్ల మీద పెట్టుకునే డెస్క్‌టాప్ ఎక్కువ బలంగా వస్తుంది, తక్కువ వేడెక్కుతుంది, ఏ భాగం పాడైతే ఆ భాగం మార్చుకోవచ్చు. గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు రెండుంబావు కేజీలు, చార్జరు అదనం. రోజూ బస్సులో మోసేది వాడి భుజమే!

కడియంలో మొక్క కొన్నట్టు

కడియపులంక నర్సరీకి వెళ్లినప్పుడు మీరేం చేస్తారు? పువ్వులు చూసి మోజుపడతారు. కానీ కొనేటప్పుడు మొదలు ఎంత గట్టిగా ఉందో, వేరు కుండీలో నిలదొక్కుకుందో లేదో చూసి మరీ కొంటారు. పువ్వు ఈ వారం కాకపోతే వచ్చే నెల పూస్తుంది. వేరు చెడిపోయిన మొక్కని ఎవరూ బాగుచేయలేరు.

ల్యాప్‌టాప్‌కీ ఇదే సూత్రం. మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి: తర్వాత మార్చలేని వాటి మీద డబ్బు పెట్టండి, తర్వాత కలుపుకోగలిగిన వాటి మీద పొదుపు చేయండి.

మార్చలేనివి నాలుగు. గ్రాఫిక్స్ చిప్పు, ప్రాసెసర్, తెర, వేడిని బయటికి పంపే ఏర్పాటు. మొదటి రెండూ పలక మీద అతికించి వస్తాయి, తీసి వేరేది పెట్టడం కుదరదు. గ్రాఫిక్స్ చిప్పుకి సొంతంగా ఉండే మెమరీ కూడా అంతే. 2050లో 4 జీబీ, 4050లో 6 జీబీ, 4060లో 8 జీబీ ఉంటాయి. 3050 మాత్రం 4 జీబీతో ఒకటి, 6 జీబీతో ఒకటి రెండు రకాలు ఉన్నాయి. పేరు ఒకటే! కొత్త ఆటలు మెమరీ ఎక్కువ అడుగుతున్నాయి కాబట్టి ధరలో తేడా కొద్దిపాటిదైతే 6 జీబీదే పట్టుకోండి.

కలుపుకోగలిగినవి రెండు. ర్యామ్, ఎస్ఎస్‌డీ. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌కి రెండు గదులు ఉంటాయి. ఒక గదిలో 8 జీబీ పెట్టి, రెండోది ఖాళీగా వదిలేసి అమ్ముతారు. ఆటలకి 16 జీబీ ఉంటే హాయి. అదీ రెండు గదుల్లో చెరో 8 ఉంటే పని వేగం పెరుగుతుంది. కనుక "రెండో గది ఖాళీగా ఉందా? లేక ర్యామ్ పలకకే అతికించేశారా?" అని అడగాలి. అతికించినదైతే ముందే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. "తర్వాత చవగ్గా వేయించుకుందాంలే" అన్న పాత సలహా కళ్లు మూసుకుని పాటించకండి. 8 జీబీ మోడలు ధర, పైన వేసే 8 జీబీ ధర కలిపి చూడండి. 16 జీబీ మోడలు అంతకన్నా తక్కువకొస్తే అదే తీసుకోండి. కూడికే కదా, మనకి కొత్తా?

పులసా, విలసా?

గోదావరికి ఎర్రనీరు వచ్చాక మన చేపల బజార్లలో జరిగే తమాషా మీకు తెలియనిది కాదు. సముద్రంలో ఉంటే అది విలస. నదికి ఎదురీది వస్తే పులస. రూపం ఒకటే, రుచిలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. అందుకే విలసని తెచ్చి పులస ధరకి అంటగట్టేవాళ్లు ఉంటారు.

గ్రాఫిక్స్ చిప్పులోనూ సరిగ్గా ఇదే మర్మం ఉంది. దానికి ఎంత కరెంటు ఇవ్వాలో ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీ నిర్ణయిస్తుంది. దాన్ని వాట్లలో చెబుతారు. ఆర్‌టీఎక్స్ 4050 చిప్పుకి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. రెండు ల్యాప్‌టాప్‌ల మీదా 4050 అనే రాసి ఉంటుంది. ఒకదానికి 45 వాట్లే ఇస్తే అది గ్యాసు తగ్గించిన పొయ్యి. ఇంకోదానికి 100 వాట్లు ఇస్తే పెద్ద మంట. పేరు ఒకటే కానీ ఆటలో తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పల్చగా, అందంగా ఉన్న ల్యాప్‌టాప్‌లలో వాట్లు తక్కువ ఇవ్వడం మామూలు. వేడి పోవడానికి చోటుండదు మరి!

కాబట్టి "దీని గ్రాఫిక్స్ ఎన్ని వాట్లు?" అని అడగండి. కొట్టు కుర్రాడు తడుముకుంటే కంపెనీ ఇచ్చిన వివరాల పట్టీ చూపించమనండి. చార్జరు వెనకాల చూసినా కొంత అర్థమవుతుంది. బలమైన గేమింగ్ ల్యాప్‌టాప్‌ల చార్జర్లు 180 నుంచి 240 వాట్లదాకా ఉంటాయి. 65 వాట్ల చార్జరు ఇచ్చి గేమింగ్ అన్నాడంటే అనుమానించాల్సిందే.

ప్రాసెసర్ విషయంలో కూడా ఇంతే. "ఐ5, రైజెన్ 5" అని పెద్దక్షరాలతో రాస్తారు. మనం చూడాల్సింది పూర్తి నంబరు చివరనున్న చిన్న అక్షరం. 'హెచ్' గానీ, 'హెచ్ఎస్' గానీ, 'హెచ్ఎక్స్' గానీ ఉంటే బలమైన పనికి. 'యు' ఉంటే కరెంటు పొదుపుకి. ఆటకి 'హెచ్' కుటుంబమే కావాలి. ఐ7 మోజుతో డబ్బు అక్కడ పోసి, గ్రాఫిక్స్ చిప్పు చిన్నది తీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. పరిమిత డబ్బులో మంచి ఐ5, పెద్ద చిప్పు. ఇదీ వరస.

తెర మాటకొస్తే, 144 హెర్ట్జ్ అని రాసి ఉంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చగలదని అర్థం. ఆటకి అది మంచిది. రంగులు వెలిసిపోయినట్టుండే చవక తెరలు కూడా వస్తుంటాయి. పక్కపక్కన రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకే ఫొటో పెట్టించి చూడండి. చీర రంగు గడపలోకి తెచ్చి వెలుగులో చూసే కన్ను మీది. ఈ పరీక్షలో మీ అబ్బాయి కన్నా మీరే నెగ్గుతారు!

డబ్బు చీటీ ఇలా రాయండి

చేతిలో 70 వేలు ఉంటే ల్యాప్‌టాప్ ధర 70 వేలు కాకూడదు. పదో వంతు, అంటే 7 వేలు ముందే పక్కన పెట్టేయండి. మౌసు, చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్, మంచి స్పైక్ బస్టర్, వారంటీ పొడిగింపు, కిందపడి పగిలితే బాగుచేసిచ్చే రక్షణ పథకం... ఇవన్నీ అందులోంచే. హాస్టల్ పిల్లలకి ఆ రక్షణ పథకం తీసుకోవడమే మంచిది. నలుగురున్న గదిలో ఎవరి మోచెయ్యి తగిలినా తెర పగులుతుంది. మిగిలిన 63 వేలే యంత్రానికి.

2024, 2025 సంవత్సరాల్లో ఇంచుమించుగా 50 నుంచి 65 వేలలో 2050, 3050 చిప్పులున్నవి, 70 నుంచి 85 వేలలో 4050 ఉన్నవి దొరికాయి. మెమరీ ధరలతో పాటు ఈ అంకెలు కదులుతాయి. మీరు కొనే వారం ధర ఆ వారమే నాలుగుచోట్ల కనుక్కోండి. ధర మారినా పైన చెప్పిన వరస మాత్రం మారదు. ఇంకో సంగతి. ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే ఆశపడకండి. బిల్లు లేకపోతే రేపు గొడవొచ్చినప్పుడు అక్కడే కొన్నామని రుజువు చేయడం కష్టం.

"వడ్డీ లేని వాయిదాలు" అన్న బోర్డు చూసి కూడా తొందరపడొద్దు. ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు వాయిదాల్లో రాకపోవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. బ్యాంకు లెక్కలో చూపే వడ్డీ మీద జీఎస్టీ కూడా పడుతుంది. "అన్నీ కలిపి చివరికి మా చేతి నుంచి ఎంత పోతుంది?" అని ఒక్కటే అడగండి.

మరీ తొందర లేకపోతే దసరా, దీపావళి తగ్గింపుల దాకా ఆగొచ్చు. మొదటి సెమిస్టర్లోనే కావాలా, కాలేజీ ల్యాబుతో సరిపెట్టుకోవచ్చా అని కనుక్కోండి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు గానీ, ల్యాప్‌టాప్ కొనమని ఎవరూ అనలేదు! బంగారం తాకట్టు పెట్టేదాకా వస్తే ఇంకో ఏడాది ఆగడమే మేలు.

సెకండ్ హ్యాండుదైతే అసలు బిల్లు అడగండి. అరగంట సేపు ఆట నడిపించి, మధ్యలో ఆగిపోతోందేమో, ఫ్యాను గరగరలాడుతోందేమో చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కాబట్టి విండోస్ 11 నడిచే యంత్రమేనా అన్నది తప్పకుండా తేల్చుకోవాలి.

మన ఎండ, మన తేమ, మన కరెంటు

రోహిణీ కార్తెలో రాజమండ్రి మేడ మీద గదిలో గేమింగ్ ల్యాప్‌టాప్ నడపడమంటే, ఎండలో పొయ్యి వెలిగించినట్టే. ఆట ఆడేటప్పుడు లోపలి చిప్పులు 90 డిగ్రీలు దాటడం మామూలే. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పిల్లాడు "హ్యాంగ్ అవుతోంది" అంటాడు. అసలు దోషం చాలాసార్లు పరుపుది. పరుపు మీద పెడితే అడుగున గాలి పీల్చే కన్నాలు మూసుకుపోతాయి. గట్టి బల్ల మీద, వెనక వైపు రెండంగుళాలు ఎత్తి పెట్టుకోవాలి. రెండు చెక్క ముక్కలు చాలు!

కోతల కాలంలో ధాన్యం దూగర, రోడ్డు దుమ్ము ఫ్యాన్లలో పేరుకుంటాయి. ఏడాదికోసారైనా తెలిసినవాళ్ల చేత విప్పించి శుభ్రం చేయించాలి. వారంటీ ఉండగా అయితే కంపెనీ సర్వీసు వాళ్ల చేతే చేయించండి. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి లోహాన్ని తినేస్తుంది. పని లేనప్పుడు సంచీలో పెట్టి దాచాలి.

కరెంటు విషయం. ల్యాప్‌టాప్ చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతాయి. కాబట్టి లో వోల్టేజీకి భయపడి విడిగా స్టెబిలైజర్ అక్కర్లేదు. భయపడాల్సింది పిడుగులకి. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయాలి. మూడు కాళ్ల ప్లగ్గుకి మూడు కన్నాల సాకెట్టే వాడాలి. యంత్రం మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటే ఎర్తింగ్ లేదేమోనని ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇన్వర్టర్ మీద ఆట ఆడనివ్వకండి. మూడు సీలింగ్ ఫ్యాన్లు తాగేంత కరెంటు అదొక్కటే తాగేస్తుంది. రాత్రి ఉక్కబోతలో మీ ఫ్యాను ఆగిపోతుంది. బ్యాటరీ మీద ఆడితే బలమూ తగ్గుతుంది, గంటకో గంటన్నరకో అయిపోతుంది.

దుకాణంలో మీరు అడగాల్సినవి

ఈ ప్రశ్నలు చిన్న కాగితం మీద రాసుకుని చేతిసంచీలో పెట్టుకోండి.

విడి గ్రాఫిక్స్ చిప్పు పేరు, నంబరు ఏమిటి? దాని మెమరీ ఎన్ని జీబీ? ఎన్ని వాట్లు? ప్రాసెసర్ పూర్తి నంబరేమిటి? చివర ఏ అక్షరం ఉంది? ర్యామ్ రెండో గది ఖాళీగా ఉందా? విండోస్ అసలైనదే వేసి ఇస్తున్నారా? వారంటీ ఎన్నేళ్లు? ఇంటికొచ్చి చేస్తారా, మనమే మోసుకెళ్లాలా?

ఆ చివరి ప్రశ్న మన లంక గ్రామాల వాళ్లకి మరీ ముఖ్యం. ఇంటికొచ్చి చేస్తామంటే "మా ఊరి పిన్‌కోడ్ ఇదీ, ఇక్కడికి వస్తారా?" అని అడగండి. రాకపోతే దగ్గర్లో సర్వీసు సెంటరు ఏ ఊళ్లో ఉందో కనుక్కోండి. రాను పోను ఖర్చు, ఒక రోజు పని నష్టం అన్నీ లెక్కలోకి వస్తాయి.

పెట్టె మీద ఉన్న పూర్తి మోడల్ నంబరూ, సీరియల్ నంబరూ, బిల్లు మీదవీ, యంత్రం అడుగున ఉన్నవీ మూడూ ఒకటేనా చూడండి. ఒకే పేరుతో పది రకాల మోడళ్లు ఉంటాయి. ఆన్‌లైన్లో తెప్పిస్తే పెట్టె విప్పుతున్నప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఫోన్లో వీడియో తీయండి. ఒకటి చెప్పి ఇంకోటి అంటగడితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఆట వేరు, పందెం వేరు

కొనిచ్చాక మిగిలేది ఒక్క భయం. పిల్లాడు చదువు మానేసి దానికే అతుక్కుపోతాడేమోనని. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుల పట్టీలో చేర్చింది. ఆ పట్టీ 2022 నుంచి అమల్లో ఉంది. కానీ ఆడిన ప్రతివాడికీ ఆ జబ్బు రాదు. నిద్ర, తిండి, చదువు మూడూ నెలల తరబడి గాడి తప్పితే అప్పుడు పట్టించుకోవాలి. వేళలు కొనకముందే మాట్లాడుకోండి. కొన్నాక పెట్టిన షరతు శిక్షలా ఉంటుంది, కొనకముందు పెట్టింది ఒప్పందంలా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. డబ్బు పెట్టి ఆడేది ఆట కాదు, పందెం. సంక్రాంతికి మన భీమవరం బరుల్లో కోళ్ల మీద కాసేదీ, ఫోన్లో రమ్మీ మీద కాసేదీ ఒకటే గోతిలోకి దారులు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మీ బ్యాంకు కార్డు నంబరు ఆ ల్యాప్‌టాప్‌లో దాచి ఉంచకండి.

ఇక పాలకొల్లు ఆవిడ సంగతి. ఆరు నెలల తర్వాత ఓ రోజు కొడుకు స్నేహితుడే నోరు జారాడు. ఆవిడ ఆ రాత్రి కొడుకుని తిట్టలేదు, ఏడవలేదు. "అసలు ఏం కావాలో నాకు ఒక్కొక్కటే చెప్పరా నాన్నా, నేను రాసుకుంటాను" అని నోటు పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చుంది. రెండో చీటీ వచ్చేదాకా ఏడాదిన్నర ఆగారు. ఈసారి దుకాణంలో ప్రశ్నలు ఆవిడే అడిగింది. పాతది చెల్లెలి చదువుకి పనికొచ్చింది.

కొట్టు కుర్రాడు పక్కకి పిలిచి పిల్లాణ్ణి అడిగాడట, "మీ అమ్మగారు ఎక్కడ పని చేస్తారండి?" అని.

"ఇంట్లోనే" అన్నాడట వాడు, గర్వంగా.

మీ అబ్బాయి కూడా ఆ మాట అనాలంటే, ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ కాగితం, కలం తీసుకుని వాడి పక్కన కూర్చోండి. ఏమంటారు?